పెరటి సువర్ణరేఖ

కాయ కోయడమంటే లాగడం కాదని అంతోనమ్మ పట్టుదల. కొమ్మని భుజానికి ఆనించుకుని, కాయని ఎడం అరచేతిలోకి తీసుకుని, వేలెడు తొడిమ వదిలి కత్తెర వెయ్యాలి. తొడిమ ఊడిందంటే సొన చిమ్మి కాయ మొహం మీద నల్లటి చార పెట్టేస్తుంది. పండినా ఆ చార పోదు. బజారువాళ్ళకి ఇంత ఓపిక ఎక్కడిది? చిక్కం వేసి లాగుతారు, గంపలో గుమ్మరిస్తారు, మధ్యలో కార్బైడు పొట్లం దోపి గోనె కప్పేస్తారు. అంతోనమ్మ మాత్రం ఆ గురువారం పొద్దున్న కొంగు నడుముకి దోపి, స్టూలెక్కి, ఒక్కొక్క కాయనీ పసిపిల్లకి తలంటినంత నెమ్మదిగా కోసి, కింద నిలబడ్డ మొగుడి చేతికి అందిస్తోంది.

"పట్టుకోండి, జారిపోతాది."

"నేనెందుకు జార్చుతానే? ప్రభువు సొత్తు కదా ఇది," అన్నాడు ఎలియాజరు, తువ్వాలు పరిచిన చేతులు పైకెత్తి.

అది ఆ చెట్టు మొదటి కాపు. గవర్నమెంటు తోటలోంచి ఎలియాజరు సైకిలు మీద తెచ్చి నాటిన సువర్ణరేఖ అంటు అది. అంటు మొక్కలు మూడో ఏడో నాలుగో ఏడో కాస్తాయంటారు. ఇది మాత్రం ఆకులు పెంచుకుంటూ, నీడ పరుచుకుంటూ, పూత మాట ఎత్తకుండా మొద్దులా నిలబడిపోయింది. పోయినేడాది ఎలియాజరే, "గొడ్డుచెట్టు మనకెందుకే, కొట్టించేసి వంటగది పెంచుకుందాం," అన్నాడు. అద్దె ఇళ్ళలో పుట్టి పెరిగిన మనిషి అంతోనమ్మ. తనదంటూ ఒక చెట్టు ఉండడం ఆవిడకి అదే మొదలు. మొగుడు నిద్ర లేవకముందే పెరట్లోకెళ్ళి, కాండం మీద చెయ్యి వేసి మొక్కుకుంది. ఒక్క కాపు చూపించు ప్రభువా, మొదటి పళ్ళు నీ బల్ల మీద పెట్టేదాకా ఆ చెట్టుది నా నాలిక మీద చుక్క పడనివ్వను, అని.

సంక్రాంతి దాటాక చెట్టు నిండా పూత. అప్పట్నించీ అంతోనమ్మ కళ్ళలో వత్తులు వేసుకుని కాపలా కాసింది. గాలికి రాలిన పిందెల్ని పప్పులో వెయ్యకుండా చెట్టు మొదట్లోనే పూడ్చింది. విశాఖపట్నంలో నర్సింగు చదువుతూ సెలవులకి వచ్చిన కూతురు షైనీ, ఉప్పూ కారం అద్దుకుని ఒక్క ముక్క తింటానని బతిమాలితే, "ప్రభువు కంటే ముందా నువ్వు?" అని కసిరింది. పిల్ల అలిగి హాస్టలుకి వెళ్ళిపోయింది.

"బుగ్గ ఎరుపెక్కలేదేటండీ? బజార్లో సువర్ణరేఖలకి ఈపాటికి ఎంత రంగొచ్చేసిందో," అంది స్టూలు దిగుతూ.

"మన గోడ నీడకి ఎండ తగల్దు కదా. గడ్డిలో ఏత్తే అదే వత్తాది రంగు."

కశింకోట నించి తెప్పించిన వరిగడ్డి చెక్కపెట్టెలో పరిచి, కాయలు పేర్చి, పైన మళ్ళీ గడ్డి కప్పాడు ఎలియాజరు. ఎన్నడూ ఇంటిపని ముట్టని మనిషి, ఆ పని తనే చేశాడు. "మాటిమాటికీ మూత తీసి సూత్తే వేడి పోతాది. నువ్వు ముట్టకు. ఆదివారం పొద్దున్న నేనే తీసి, నేనే పట్టుకెళ్తాను," అన్నాడు. మొగుడికి చెట్టు మీద ఇంత ప్రేమ ఉందని తెలియక, గొడ్డుచెట్టన్నాడని మనసులో తిట్టుకున్నందుకు అంతోనమ్మ నొచ్చుకుంది కూడా.

వాళ్ళ సంఘంలో ఒక పద్ధతి ఉంది. ఎవరింట ఏది మొదట కాసినా, ములక్కాడ కానీ, గుమ్మడికాయ కానీ, కోడి పెట్టిన మొదటి గుడ్డు కానీ, ఆదివారం ఆరాధనకి తెచ్చి బల్ల మీద పెట్టాలి. ప్రార్థన అయ్యాక సంఘపెద్ద ఒక్కొక్కటీ ఎత్తి చూపించి, అది ఏ ఇంటిదో, ఏ రకమో పేరు చెప్పి వేలం పాడతాడు. పేరు చెప్పందే పాట మొదలవదు. పాడుకున్నవాళ్ళు పండైతే అక్కడే కోసి తలో ముక్కా పంచాలి. అలా పంచాకే ఇచ్చినింటివాళ్ళు కూడా రుచి చూస్తారు. ఆ సంఘపెద్ద ఎలియాజరే. బెల్లం మార్కెట్లో గుమస్తాగా రోజూ దిమ్మలు వేలం పాడే గొంతు, గుడిలో ఇంకాస్త గంభీరంగా పలికేది. దిమ్మ అంచు గిల్లి నాలిక మీద వేసుకుంటే అది ఏ ఊరి బెల్లమో చెప్పగలడని ఆయనకి పేరు. ఆయన పేరు చెప్పాడంటే అది అదే.

ఆ ఆదివారం బుట్ట మీద తెల్లగుడ్డ తీసేసరికి ఆడవాళ్ళ వైపు చాపల మీద కూర్చున్న అంతోనమ్మ కళ్ళు చెమర్చాయి. పళ్ళు బుగ్గలెర్రబడి, పసుపు పూసుకున్న పెళ్ళికూతుళ్ళలా ఉన్నాయి. గడ్డిలో ఇంత రంగు వచ్చిందా అనుకుంది.

"ఎలియాజరు, అంతోనమ్మల పెరటి సువర్ణరేఖ. తొలి కాపు," అని ఎలియాజరు ఒక పండు ఎత్తి చూపించాడు.

పరవాడ ఫార్మా కంపెనీల్లో కాంట్రాక్టులు చేసే క్రాంతికుమార్ ఎవరినీ నోరెత్తనివ్వకుండా బుట్ట మొత్తం పాడేసుకున్నాడు. చాకు తెప్పించి కోయించాడు. ముక్కలు చేతులు మారుతుంటే రసం మోచేతుల దాకా కారింది. "తేనె, అంతోనమ్మా, వొట్టి తేనె," అంది పక్కనున్న బుల్లమ్మ. చర్చి ఊడ్చి, చాపలు పరిచే ముసలావిడ ఆమె. క్రాంతికుమార్ ఆవిడ ఒళ్ళో ఒక పండు మొత్తంగా పెట్టాడు.

అంతోనమ్మ ఆ పండు వంక చూసింది. తొడిమ లేదు. గడ్డిలో ఊడిపోయిందేమో అనుకుంది. బల్ల మీద మిగిలినవాటిని చూసింది. ఒక్కదానికీ తొడిమ లేదు. బుల్లమ్మ ఒళ్ళో పండు తిప్పి చూసింది. మొహం మీద సొన కారిన నల్ల చార. గుంటలో తెల్లటి పొడి.

తన చేతిలో ముక్క చల్లగా ఉంది. దాన్ని నోట్లో పెట్టుకోలేదు.

"తిన్లేదేటమ్మా?" అని బుల్లమ్మ అడిగింది.

"ఇంటికెళ్ళి తింటాను," అని రుమాల్లో చుట్టేసింది.

ఇంటికి రాగానే చెక్కపెట్టె మూత తీసి చూసింది. అడుగు దాకా ఒట్టి గడ్డి. కాళ్ళు కడుక్కుంటున్న మొగుడి దగ్గరికెళ్ళి, "మన పళ్ళేనా అవి?" అని అడిగింది.

"మరి ఎవరియి?" అన్నాడు ఎలియాజరు, తువ్వాలు అందుకుంటూ. ఆయన మొహంలో ఒక్క గీత కదల్లేదు. ఇన్నేళ్ళ కాపురంలో ఆయన మొహం చదవగలననే అనుకుంది అంతోనమ్మ. ఆర్.సీ.ఎం. కేథలిక్కుల ఇంట పుట్టి, ఈయన కోసం సంఘం మారి, ఈయన పాటే పాడుతూ వచ్చింది. అందుకని ఆ మాట నమ్మడానికి ప్రయత్నించింది. రుమాల్లో ముక్కని మాత్రం పక్కింటి మేకకి వేసేసింది.

సోమవారం పొద్దున్న చేపలమ్మే దుర్గాలక్ష్మి వచ్చి అరుగు మీద తట్ట దించుకుంది. పూడిమడక నించి మొదటి బస్సుకి వచ్చి, వీధులన్నీ తిరిగి, చివరగా ఈ అరుగు మీద కూర్చుని చుట్ట వెలిగించుకోవడం ఆవిడ అలవాటు. అంతోనమ్మ చేపలు కావాలన్నా వద్దన్నా, ఆవిడే చేపలు కడిగిన నీళ్ళు తెచ్చి ఆ మామిడిచెట్టు మొదట్లో పోసేది. ఆ నీళ్ళు పోస్తే చెట్టు బలుస్తుందని నేర్పింది ఆవిడే.

"నీ సెట్టు కాయలు పులుసుకి బలే ఉన్నాయమ్మా," అంది దుర్గాలక్ష్మి, పొగ వదులుతూ. "వంజరం ముక్కల్లో ఏసేను. మా ఆయన గిన్నె నాకేసేడు."

కత్తిపీట మీద అంతోనమ్మ చెయ్యి ఆగిపోయింది. "మా సెట్టు కాయలా?"

"నీకు తెల్దేటి? సెనివారం సాయంత్రం మార్కెట్టు గేటు కాడ గుమస్తా బాబు సంచీతో ఇచ్చేరు. 'మా పెరట్లోయే, పండుకి పనికి రావు, పులుసులో ఏసుకో దుర్గాలక్ష్మీ' అన్నారు. ఊరికే ఇచ్చేరమ్మా, నేనేటీ ఇవ్వలేదు." అంతోనమ్మ మొహం చూసి దుర్గాలక్ష్మి తడబడింది. "తప్పు సేసేనేటి?"

"నువ్వు కాదు." కాసేపటికి మళ్ళీ అడిగింది. "తీపి లేవా?"

"తీపా? నోట్లో ఎట్టుకుంటే పళ్ళు పులిసిపోయేయి. ఒళ్ళంతా జలదరించింది. పీసు కూడాను. పండిన పండు అంత పులుపుండడం నేనెక్కడా సూళ్ళేదు తల్లీ."

"ఏవైనా మిగిలేయా?"

"ఓ రెండున్నాయి. రేపు తెత్తాను."

చెప్పినట్టే మంగళవారం తెచ్చి అంతోనమ్మ చేతుల్లో పెట్టింది. ఆకుపచ్చ వదలని పసుపు రంగు. బుగ్గ ఎరుపు లేదు. కానీ రెండింటికీ వేలెడు తొడిమలున్నాయి. కత్తెర వేసిన చోటు ఎండి గట్టిపడింది. సొన చార ఒక్కటి కూడా లేదు. తన చేతి పని తనకి తెలియదా? వాసన చూసింది. ఘాటుగా, కొంచెం కర్పూరంలా ఉంది. నాలికకి తగలనివ్వకుండా రెండింటినీ బియ్యం డబ్బాలో దాచింది. మొక్కు ఇంకా తీరలేదు. ప్రభువు బల్ల మీద పెట్టిన పళ్ళు తనవి కావు. తనవైన పళ్ళు చేపల పులుసులో ఉడికిపోయాయి.

కోపం రావలసిన చోట ఆమెకి ముందు సిగ్గు వేసింది. ఆదివారం తన పేరు పెట్టి బజారు పళ్ళు పాడుతుంటే, తను మురిసిపోయి కళ్ళు తుడుచుకుంది. మొగుడు బల్ల దగ్గర్నించి అదంతా చూశాడు. చూసి కూడా పాట పాడాడు.

ఆయన్ని నిలదియ్యాలని ఆ రోజంతా అనుకుంటూనే ఉంది. ఆయన బెల్లం ధూళి చొక్కాతో ఇంటికి రావడం, చొక్కా కొక్కేనికి తగిలించడం, మంచినీళ్ళు అడగడం అన్నీ మామూలుగానే ఉన్నాయి. ఆ మామూలుతనం చూసి, నీళ్ళ చెంబు అందించి వంటింట్లోకి వెళ్ళిపోయింది.

బుధవారం సాయంత్రం క్రాంతికుమార్ మోటారు సైకిలు మీద వచ్చాడు. కశింకోట దగ్గర పొలం కొన్నాడట. చెరుకు పీకించేసి మామిడి తోట వేస్తాడట.

"వేస్తే మీ చెట్టు రకమే వెయ్యాలనిపించిందండి, అంకుల్. అంత రుచి నేను ఎక్కడా చూళ్ళేదు. వానలు పడ్డాక మనిషిని పంపిస్తాను. అంటు కట్టడానికి కొమ్మలు ఇప్పించాలి."

అంతోనమ్మ టీ గ్లాసులతో గుమ్మంలో నిలబడింది. వద్దని ఒక్క మాట చెప్తాడేమో, ఏదో వంక చెప్పి తప్పించుకుంటాడేమో అని చూసింది. ఎలియాజరు అతన్ని పెరట్లోకి తీసుకెళ్ళి, చెట్టు కాండాన్ని ఎద్దు వీపు చరిచినట్టు చరిచాడు. "దానికేం భాగ్యం బాబూ. సంఘం పిల్లోడివి. ఎన్ని కావాలంటే అన్ని కోసుకో."

క్రాంతికుమార్ తల పైకెత్తి, చిటారున మిగిలిన కాయల్ని చూశాడు. "వీటికి రంగు రాలేదేంటండీ?"

"గడ్డిలో ఏత్తే వత్తాది."

అతను టీ తాగి వెళ్ళిపోయాడు. మోటారు సైకిలు చప్పుడు వీధి మలుపు తిరిగేదాకా అంతోనమ్మ ఆగింది. తర్వాత బియ్యం డబ్బాలోంచి రెండు పళ్ళూ తీసి, మొగుడి ముందు అరుగు మీద పెట్టింది.

ఎలియాజరు వాటిని చూశాడు. తొడిమల్ని చూశాడు.

"ఆ కుర్రోడు పొలం నిండా ఎయ్యబోతన్నాడు," అంది అంతోనమ్మ. "అతను పాతికేళ్ళు తిట్టుకుంటాడు మనల్ని. మీరు నాతో ఒక్క మాట సెప్పండి. అబద్ధం కాకుండా."

"అంటు బతకలేదు," అన్నాడు చివరికి, నేల చూపులు చూస్తూ. "నువ్వు పాయకరావుపేటలో మీ అమ్మ కాడున్నప్పుడు గోడకానించిన సైకిలు దాని మీద పడి పై ముక్క ఇరిగిపోయింది. కింద నాటు మొదలు ఉంటాది కదా, దాన్నించి సిగురొచ్చింది. నువ్వొచ్చి సూసి ఏడుత్తావని ఆ సిగురికే అంటు పట్టీ సుట్టేను."

నీలం ప్లాస్టిక్ పట్టీ. అది కాండాన్ని కోసేస్తుందేమోనని ప్రతి వానాకాలం తనే విప్పి, వదులు చేసి, మళ్ళీ కట్టేది. ఇరుగుపొరుగులు అడిగితే, అదిగో అక్కడే అంటు కట్టింది అని వేలు పెట్టి చూపించేది.

"మరి ఇన్నేళ్ళూ?"

"ఇయ్యాళ సెబుదాం, రేపు సెబుదాం అనుకున్నాను. కాత్తే కదా తెలిసేది అనుకున్నాను."

"అందుకేనా కొట్టించేద్దాం అన్నారు?"

ఎలియాజరు ఒక పండు తీసి, తొడిమ వైపు తిప్పి చూసి, మళ్ళీ అరుగు మీద పెట్టాడు.

"సరే. కాసింది. పులుపే. పులుపే పెట్టుంటే ఏటి?"

"నలుగురూ ఏటనుకుంటారు? ఎలియాజరు సువర్ణరేఖని సెప్పి నాటుపళ్ళు తెచ్చేడంటారు. నీ పరువు కోసమే సేసేను. నీ మొక్కు నలుగుర్లో నవ్వులపాలు కాకూడదని సేసేను."

"పులుపని మీకెలా తెలిసింది?"

"సెనివారం పొద్దున్న ఒక ముక్క కోసి సూసేను."

అంతోనమ్మ రెండు పళ్ళనీ అరుగు మీంచి తీసి కొంగులో వేసుకుంది. పులుపుకి కాదు ఆవిడ బాధ. పులుపైతే పచ్చడి పెట్టుకుంటారు, పప్పులో వేసుకుంటారు, పులుపైనంత మాత్రాన అది ఆమె చెట్టు కాకుండా పోదు. కన్నకూతురి నోటికి అందకుండా చేసి, తన నోరు కట్టుకుని దాచిన పండుని, ఈయన ప్రభువుకంటే ముందు, తనకంటే ముందు, వంటింట్లో నిలబడి కోసుకు తిన్నాడు. తిని, ఉమ్మేసి, మిగిలినవాటిని చేపల తట్టలో వేశాడు. పైగా తన పరువు కోసమట. ఎవరి పరువో ఆవిడకి తెలియదా? బెల్లం గిల్లి ఊరు పేరు చెప్పే నాలిక పరువు అది.

"ఆదివారం సెప్పండి," అంది. "నేను ఈ పండు పెడతాను. మొదటి కోతలోదే ఇది. మీరే ఎత్తండి, మీరే పేరు సెప్పండి. సైకిలు సంగతి సెప్పక్కర్లేదు. నాటు పండు అనండి సాలు. అందరికీ అర్థమైపోతాది. నేనింక ఏటీ అడగను."

ఎలియాజరు మొహం తుడుచుకున్నాడు. "సరే. సెప్తాను. నువ్వు ఈలోపల ఎవర్తోటీ అనకు."

ఆ "సరే" పట్టుకుని అంతోనమ్మ మిగిలిన వారం గడిపేసింది. శనివారం ఆయన తెల్లచొక్కా గంజి పెట్టి ఇస్త్రీ చేసింది. అంత పెద్దమనిషి నలుగురిలో నిలబడి తప్పు ఒప్పుకోవడం చిన్న సంగతి కాదు. ఆరాధన అయ్యాక ఇంటికొచ్చి కోడి కూర వండి పెట్టాలనుకుంది. తను అన్న కటువు మాటలు ఒక్కొక్కటే గుర్తు చేసుకుని, అవి అనకుండా ఉంటే బాగుండేదనుకుంది. మనసు అంత తొందరగా మెత్తబడిపోయినందుకు ఆమెకే ఆశ్చర్యంగా ఉంది.

ఆదివారం ఒక పండుని ఇంట్లో ఉంచి, రెండో పండుని రుమాల్లో చుట్టుకుని, తనే తీసుకెళ్ళి బల్ల మీద పెట్టింది. దాని పక్కన రెండు కొబ్బరికాయలూ, ఎవరిదో బొప్పాయీ ఉన్నాయి. పాస్టరు అయ్యగారు ప్రార్థన ముగించగానే ఎలియాజరు బల్ల దగ్గరికి వచ్చాడు. కొబ్బరికాయలు పాడాడు. బొప్పాయి పాడాడు. తర్వాత ఆ పండు చేతిలోకి తీసుకున్నాడు.

తొడిమ పట్టుకుని కాసేపు అలాగే నిలబడ్డాడు. ఆడవాళ్ళ వైపు చూశాడు. అంతోనమ్మ ఆయన కళ్ళలోకే చూసింది. భయపడకండి, నేనున్నాను కదా అన్నట్టే చూసింది.

"ఎలియాజరు, అంతోనమ్మల పెరటి," అన్నాడు. గొంతు సవరించుకున్నాడు. మగవాళ్ళ వైపు ముందు వరసలో క్రాంతికుమార్ అప్పుడే నవ్వుతూ చెయ్యెత్తేశాడు. ఎలియాజరు చూపు అంతోనమ్మని వదిలేసి అతని మీదికి పోయింది. "సువర్ణరేఖ. నీడపట్టున కాసింది, అందుకే రంగు తక్కువ."

అంతోనమ్మకి బల్ల, కిటికీ, ఆయన తెల్లచొక్కా అన్నీ దూరంగా జరిగిపోయినట్టయింది. పోయిన వారం అబద్ధం ఆడినప్పుడు ఆయనకి ఏదో భయం ఉందనుకోవచ్చు. ఈసారి తనకి మాట ఇచ్చి, తన కళ్ళలోకి చూసి, చూపు తిప్పుకుని మరీ అన్నాడు.

పోటీ ఎవరూ రాలేదు. క్రాంతికుమార్ పండు పాడుకుని, తనే కోసి, సన్నటి ముక్కలు చేసి పళ్ళెంలో పంచాడు. ముందు తనే తిన్నాడు. ఎడంకన్ను గట్టిగా మూసుకుపోయింది. దవడ నరం లేచింది. మింగడానికి కొంచెం టైము పట్టింది. "బావుందండి," అన్నాడు.

పళ్ళెం వరసల వెంట నడిచింది. ఒకాయన ముక్క నోట్లో వేసుకుని భుజాలు ఎగరేసి, "మంచి రుచి," అన్నాడు. పాస్టరు గారి భార్య కొంగు నోటికి అడ్డం పెట్టుకుని తల ఊపింది. బుల్లమ్మ పళ్ళు లేని చిగుళ్ళతో చప్పరించి, కళ్ళనీళ్ళు తిరుగుతుంటే, "తేనె," అంది. బల్ల మీద పెట్టినదానికి వంక పెట్టకూడదు. వాళ్ళ పెద్దలు నేర్పిన మర్యాద అది. పోయిన వారం ఇదే పండు పెట్టినా ఇదే మాట అనుండేవారు. ఎవరూ నవ్వుకునే వారు కాదు. ఎవరి పరువూ పోయేది కాదు. అది సంఘపెద్దకి తెలియకుండా ఉంటుందా?

పళ్ళెం అంతోనమ్మ దగ్గరికి వచ్చింది. ముక్క తీసుకుని నోట్లో పెట్టుకుంది.

పండు ప్రభువు బల్ల మీదికి వెళ్ళి వచ్చింది కాబట్టి ఇప్పుడు తినొచ్చు. పులుపు నాలిక మీంచి చెవుల వెనక్కి పాకింది. పళ్ళు జివ్వున లాగాయి. పీచు పళ్ళ సందుల్లో ఇరుక్కుంది. పులుపు కొంచెం తగ్గాక, అడుగున ఎక్కడో కర్పూరం వాసన, చెరుకు గెడ చివర కొరికినంత తీపి. నిదానంగా నమిలి, మింగి, లేచి నిలబడింది. ఆడవాళ్ళు ఆ వేళప్పుడు లేచి మాట్లాడడం అక్కడ అలవాటు లేదు.

"పుల్లగా ఉంది," అంది.

ఎవరో దగ్గారు. ఎలియాజరు, "కూర్చో," అన్నాడు మెల్లగా.

"మా సెట్టు పండు ఇలాగే ఉంటాది, అయ్యగారూ," అంది అంతోనమ్మ, పాస్టరు గారి వైపు తిరిగి. "సువర్ణరేఖ కాదు ఇది. నాటు పండు. పోయినోరం మీరందరూ తిన్నది బజారు పండు. నా పేరు సెప్పి తినిపించేరు. క్రాంతి బాబూ, మీరు పొలంలో ఇది ఎయ్యకండి. పీసు పండు ఇది."

క్రాంతికుమార్ చేతిలో చాకు చూసుకుంటూ నిలబడ్డాడు. "నాకూ పుల్లగానే ఉందమ్మా," అంది బుల్లమ్మ కాసేపటికి, ఎవరో బరువు దింపినట్టు. పాస్టరు గారు కళ్ళజోడు తీసి తుడుచుకుని, మళ్ళీ పెట్టుకుని, ముగింపు ప్రార్థన చేద్దాం అన్నారు.

ఇంటికి వెళ్ళే దారిలో ఎలియాజరు ముందు నడిచాడు. అంతోనమ్మ వెనక నడిచింది. ఆదివారం కాబట్టి బెల్లం మార్కెట్టు గేటు మూసి ఉంది. అక్కడికి వచ్చాక ఆయన ఆగి, వెనక్కి తిరక్కుండానే అన్నాడు.

"నలుగుర్లో నా తల తీసేసేవు. ఇన్నేళ్ళు కాపరం సేసి, నువ్వు నాకింత ద్రోహం సేత్తావనుకోలేదు."

ద్రోహం అన్న ఆ మాట వారం రోజులుగా అంతోనమ్మ నాలిక చివరే ఉంది. మొగుణ్ణి అనడానికి మరీ పెద్దదైపోతుందని ప్రతిసారీ మింగుతూ వచ్చింది. ఆయన దాన్ని ఎంత సులువుగా అనేశాడు. తప్పయిపోయిందే అంటాడేమో, అంటే తను ఏమనాలో కూడా ఆలోచించి పెట్టుకుంది. ఆయన మళ్ళీ నడిచాడు. కావాలనే నాలుగడుగులు వెనకబడి, తన నడక తను నడిచింది.

ఇంటికి వెళ్ళి ఆయన తెల్లచొక్కా విప్పకుండానే మంచం మీద గోడ వైపు తిరిగి పడుకున్నాడు. అంతోనమ్మ కోడి కూర వండలేదు. పొద్దున్న వండిన అన్నం, పప్పు ఉన్నాయి. వంటింట్లో పీట వేసుకుని కూర్చుని, పొద్దున్న ఇంట్లో ఉంచిన పండు తీసింది. చాకుతో పని లేకపోయింది. పైన పంటితో గాటు పెట్టి, తొక్క ఒలుచుకుంటూ తిన్నది. ఒక్కొక్క కొరుకుకీ కళ్ళు మూతలు పడుతున్నాయి, పళ్ళు పులిసి సలుపుతున్నాయి. అయినా ఆపలేదు. ఆ వారంలో ఆమె నోటికి అందిన వాటిలో ఎవరూ మార్చి పెట్టనిది ఇదొక్కటే.

చాలాసేపటికి గదిలోంచి మంచం కిర్రుమంది.

"అన్నం పెట్టవా?" అన్నాడు ఎలియాజరు.

పెళ్ళయినప్పటి నించి ఆయన తన కంచంలో తను వడ్డించుకున్న పూట లేదు. గరిటె ఏ మేకుకి ఉంటుందో కూడా ఆయనకి తెలియదు.

"కుండలో ఉంది. వడ్డించుకోండి," అంది అంతోనమ్మ.

ఆయన గుమ్మం దాకా వచ్చి నిలబడ్డాడని నీడ చెప్పింది. ఆమె లేవలేదు. టెంకకి ఇంకా గుజ్జు ఉంది.